గేమింగ్ ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ చిప్ పోయింది, అనంతపురం చుట్టుపక్కల ఎవరు బాగు చేస్తారు?

అన్నలూ, వారంటీ దాటిన గేమింగ్ ల్యాప్‌టాప్. డివైస్ మేనేజర్‌లో గ్రాఫిక్స్ కార్డు మీద పసుపు గుర్తు, కోడ్ 43 (కార్డు తప్పు చూపడంతో విండోస్ దాన్ని ఆపేసిందని అర్థం). ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తో స్క్రీన్ బాగానే వస్తోంది. కార్డుకు కలిపిన హెచ్‌డీఎంఐలో మాత్రం సిగ్నల్ లేదు.

సేఫ్ మోడ్‌లో డీడీయూ అనే టూల్‌తో పాత డ్రైవర్ పూర్తిగా తీసేసి, ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌లోదే వేశా. బయోస్ అప్‌డేట్ కూడా అయింది. పెన్‌డ్రైవ్ నుంచి ఉబుంటు లినక్స్ బూట్ చేస్తే, పరికరాల జాబితా చూపే ఎల్ఎస్‌పీసీఐ కమాండ్‌లో చిప్ పేరు కనబడుతోంది గానీ డ్రైవర్ లోడ్ కావడం లేదు. కాబట్టి తప్పు విండోస్‌ది కాదు. పేరు కనబడుతోందంటే చిప్‌కు కరెంటు కొంతైనా అందుతున్నట్టే. నా అనుమానం వీడియో మెమరీ మీద, లేదా చిప్ కింది అతుకుల మీద.

ఇక్కడి షాపులో హీట్ గన్‌తో వేడి చేస్తామంటున్నారు. దానికి నేను ఒప్పుకోను. వేడికి అతుకు పట్టినట్టే పట్టి మళ్లీ విడిపోతుంది, పక్కనున్న మెమరీ చిప్పులూ దెబ్బతినొచ్చు.

మ్యాట్స్ అనే వీడియో మెమరీ టెస్ట్ పెట్టి ఏ మెమరీ చిప్ పోయిందో తేల్చేవాళ్లు, బీజీఏ మెషీన్‌తో (బోర్డు మీది చిప్ ఊడదీసి అతికించేది) చిప్ మార్చేవాళ్లు అనంతపురం, కర్నూలు, కడపల్లో ఉన్నారా? లేక బెంగళూరే పోవాలా? వేసే చిప్ కొత్తదో, పాత బోర్డు నుంచి పీకిందో ఎట్లా గుర్తుపట్టాలి? అంతవరకు కార్డును డిసేబుల్ చేసి వాడుకుంటే, డ్రైవర్ లేక అది నిద్రలోకి పోకుండా బ్యాటరీ తాగేస్తుందా? బయోస్‌లోనే ఆపే దారి ఉంటే చెప్పండి.