పాత జేక్వెరీ యాప్‌లో రియాక్ట్ కలపొచ్చా, లేక రాస్తే మొత్తం తిరగరాయాల్సిందేనా?

పాతకాపు:
మా దగ్గర ఒక ఇంటర్నల్ యాప్ ఉందండి, పదేళ్ళు దాటింది, దగ్గర దగ్గర 140 స్క్రీన్లు, అన్నీ జేక్వెరీ (వెబ్ పేజీలో బటన్లూ మెనూలూ నడిపే పాత జావాస్క్రిప్ట్ లైబ్రరీ), దాని మీద నడిచే జేక్వెరీ యూఐ, డేటాటేబుల్స్, డ్రాప్‌డౌన్‌ల సెలెక్ట్2. కొత్త మాడ్యూల్ రియాక్ట్‌లో (స్క్రీన్లు కట్టే కొత్తతరం లైబ్రరీ) రాద్దాం పాతవి అలాగే ఉంచుదాం అని టీమ్‌లో కుర్రాళ్ళు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు, రాస్తే మొత్తం రాయండి లేదంటే దాని జోలికి పోవద్దు అని మా లీడ్. మధ్యలో నేను. చేసి చూసినవాళ్ళు చెప్పండి, వీడియోలు చూసి చెప్పేవాళ్ళు వద్దు ప్లీజ్.

సెమికోలన్:
మీ లీడ్‌కి నా ఓటు. కొన్నాళ్ళకే అని కలిపింది ఏదీ కొన్నాళ్ళలో పోదు. నేను పనిచేసిన ఒక యాప్‌లో అడుగున ప్రొటోటైప్, దాని మీద జేక్వెరీ, దాని మీద బ్యాక్‌బోన్, ఆ పైన యాంగ్యులర్‌జేఎస్, చివర్లో ఎవరో రియాక్ట్ కూడా అంటించారు. ఏ బటన్ ఏ లైబ్రరీదో కనుక్కోడానికే సగం రోజు పోయేది. కొత్తగా చేరినవాడికి అన్నీ రావాలి, పాతవాడికి ఏదీ పూర్తిగా రాదు.

రాత్రిపాళీ:
@సెమికోలన్ కలపడం ఇవాళ కొత్తగా పుట్టిన రోగం కాదు గురూ. 2006లో జేక్వెరీ వచ్చేసరికే ప్రొటోటైప్ లైబ్రరీ డాలర్ గుర్తుని తన ఫంక్షన్ పేరుగా వాడేస్తోంది, అందుకే కదా జేక్వెరీలో నోకాన్‌ఫ్లిక్ట్ ఉంది, పక్కవాడి డాలర్ పక్కవాడికి ఇచ్చేయడానికి. ఎక్స్ట్ జేఎస్ అనే లైబ్రరీ మొదలైందే యాహూ వాళ్ళ వైయూఐ లైబ్రరీకి తోకగా, తర్వాత కింద జేక్వెరీ గానీ ప్రొటోటైప్ గానీ పెట్టుకోడానికి అడాప్టర్లు కూడా ఇచ్చారు. అప్పట్లో తలనొప్పి ఎక్కడంటే ప్రొటోటైప్, మూటూల్స్ లాంటివి బ్రౌజర్ సొంత ఆబ్జెక్టులకే తమ మెథడ్‌లు (ఆబ్జెక్టు చేసే పనులు) తగిలించేవి. 2018లో జావాస్క్రిప్ట్ ఎరేలకి (జాబితాలకి) ఫ్లాటెన్ అనే మెథడ్ ఇద్దామనుకుంటే పాత మూటూల్స్ సైట్లు పడిపోతాయని తేలి చివరికి ఫ్లాట్ అని పేరు మార్చారు. ఎప్పుడో రాసిన లైబ్రరీ భాషనే వంచింది, ఆలోచించండి. రియాక్ట్, వ్యూ అలాంటి పని చేయవు, కాబట్టి ఆ భయం ఇప్పుడు లేదు.

పాతకాపు:
చరిత్ర బాగుంది సరే, మా గొడవ వేరే. ట్రయల్‌గా ఒక రియాక్ట్ ఫారంలో సెలెక్ట్2 పెట్టాం. స్క్రీన్ మీద వాల్యూ మారుతోంది, రియాక్ట్‌కి మాత్రం తెలియట్లేదు. స్క్రీన్ మూసేస్తే ఏదో రిమూవ్‌చైల్డ్ (పేజీలోంచి ఒక ముక్క తీసేసే పిలుపు) ఎర్రర్.

అరసున్న:
రెండూ తెలిసిన జబ్బులే, మూడేళ్ళు ఇదే పని చేశా కాబట్టి చెప్తున్నా.

మొదటిది. జేక్వెరీ ట్రిగ్గర్‌తో లేపిన చేంజ్ ఈవెంట్ (వాల్యూ మారిందనే కబురు) జేక్వెరీ ఆన్‌తో కట్టిన హ్యాండ్లర్లకే (కబురు వినే ఫంక్షన్లకే) వినపడుతుంది, బ్రౌజర్ సొంత యాడ్‌ఈవెంట్‌లిజనర్‌తో కట్టినవాటికి చేరదు. రియాక్ట్ వినేది బ్రౌజర్ అసలు ఈవెంట్లని. అందుకే దానికి ఏమీ తెలియదు. రియాక్ట్ స్క్రీన్ గీశాక నడిచే యూజ్‌ఎఫెక్ట్‌లో హ్యాండ్లర్‌ని జేక్వెరీతోనే కట్టి అక్కడ్నుంచి స్టేట్ (రియాక్ట్ దాచుకునే వాల్యూ) మార్చుకోండి.

రెండోది ముఖ్యం. సెలెక్ట్2 మీ సెలెక్ట్ ట్యాగ్ పక్కనే ఇంకో స్పాన్ చొప్పిస్తుంది. అక్కడ తనకి తెలియని నోడ్ (పేజీలో ఒక ముక్క) వచ్చి కూర్చుందని రియాక్ట్‌కి ఎవరూ చెప్పలేదు కదా, అది తన లెక్క ప్రకారం తీసెయ్యబోతుంది, లెక్క తప్పుతుంది, ఎర్రర్. నేను పెట్టుకున్న రూల్ ఒకటే, ఒక నోడ్‌కి ఒకే యజమాని. రియాక్ట్ ఒక ఖాళీ డివ్ (డబ్బా లాంటి ట్యాగ్) మాత్రం గీస్తుంది, దాని లోపల ఏం పెట్టుకుంటావో జేక్వెరీ నీ ఇష్టం, బయటికి మాత్రం చెయ్యి చాపొద్దు. ఎఫెక్ట్ క్లీనప్‌లో సెలెక్ట్2 డిస్ట్రాయ్ పిలవండి, కట్టిన హ్యాండ్లర్ విప్పండి. విప్పకపోతే రియాక్ట్ 18 నుంచి డెవలప్‌మెంట్‌లో స్ట్రిక్ట్‌మోడ్ (తప్పులు పట్టే మోడ్) ఎఫెక్ట్‌ని రెండుసార్లు నడుపుతుంది, ఒక్క మార్పుకి రెండు సేవ్‌లు పోతాయి, మాకు అలాగే పట్టుబడింది.

సెమికోలన్:
ఒక్క డ్రాప్‌డౌన్‌కి ఇంత పురాణం! నేను అనేది ఇదే.

అరసున్న:
నిజమే, కాదనను. అందుకే సెలెక్ట్2ని రియాక్ట్ లోపలికి మొయ్యొద్దు అంటా, రియాక్ట్‌లో దానికి బదులు వేరేవి ఉన్నాయి. కష్టం కలపడంలో లేదు, ఒకదాని కడుపులో ఇంకోటి పెట్టడంలో ఉంది. పక్కపక్కన పెడితే ఇంత ఉండదు. అన్నట్టు మీ రియాక్ట్ ఏ వెర్షన్? 16 వరకు ఈవెంట్లన్నీ డాక్యుమెంట్ (మొత్తం పేజీ) మీద వినేది, మీరు రియాక్ట్‌లో ఈవెంట్‌ని పైకి ఎక్కకుండా ఆపే స్టాప్‌ప్రొపగేషన్ పిలిచేసరికి అసలు ఈవెంట్ ఆల్రెడీ పైదాకా ఎక్కేసి ఉండేది, డాక్యుమెంట్ మీదున్న పాత జేక్వెరీ హ్యాండ్లర్ మీ పాపప్ మూసేసేది. 2020లో 17తో దాన్ని రూట్ కంటైనర్ (రియాక్ట్ కూర్చునే డబ్బా) మీదకి దించారు, ముఖ్యంగా ఒకే పేజీలో రెండు రియాక్ట్ వెర్షన్లు ఉండేందుకు, ఇలాంటి మిశ్రమాలకీ అది పనికొస్తుంది. అంతకంటే పాతది అయితే ముందు అది మార్చండి.

వెనిల్లాబాబు:
అసలు ఫ్రేమ్‌వర్కే ఎందుకు, కస్టమ్ ఎలిమెంట్స్ (మనమే తయారుచేసుకునే ట్యాగులు) వాడండి, ఆ సదుపాయం బ్రౌజర్‌లోనే ఉంది. జేక్వెరీ పేజీలోనూ నడుస్తాయి, రియాక్ట్‌లోనూ నడుస్తాయి, రియాక్ట్ 19 నుంచి ప్రాపర్టీలు కూడా సరిగ్గా అందుతున్నాయి.

రాత్రిపాళీ:
@వెనిల్లాబాబు ఐడియా మంచిదే, షాడో డామ్ (ట్యాగ్ లోపలి భాగాన్ని పేజీ నుంచి వేరుచేసే గోడ) జోలికి పోనంతవరకు. అది పెట్టారంటే పేజీ సీఎస్ఎస్ లోపలికి రాదు, జేక్వెరీ సెలెక్టర్‌కి లోపలివి దొరకవు, 140 స్క్రీన్లలో ఎవడు ఏ క్లాస్ వెతుకుతున్నాడో ఎవరికి తెలుసు.

@సెమికోలన్ మొత్తం తిరగరాయడం గురించి ఒక మాట. మేం అదే చేశాం ఒకసారి. కొత్తది రాస్తున్నంతసేపూ పాతదాంట్లో ఫీచర్లు ఆగలేదు, మేం ఎంత పరిగెత్తినా అది ఒక అడుగు ముందే ఉండేది, 14 నెలల తర్వాత ఆపేశారు. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. యాంగ్యులర్‌జేఎస్ నుంచి యాంగ్యులర్‌కి వెళ్ళేవాళ్ళకి గూగుల్ వాళ్ళే ఎన్‌జీఅప్‌గ్రేడ్ ఇచ్చారు కదా, రెండూ ఒకే యాప్‌లో నడిచేట్టు. తయారుచేసినవాళ్ళే ఒక్కసారిగా దూకమనలేదు.

సెమికోలన్:
సరే, ఒక కండిషన్ మీద ఒప్పుకుంటా. పాత స్క్రీన్ ఏది ఎప్పుడు పోతుందో తేదీతో సహా లిస్టు రాసి, ఆ రోజు జేక్వెరీ ఫైల్ నిజంగా తీసేస్తే. తీసినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

పాతకాపు:
లీడ్‌తో మాట్లాడా. పేజీకి ఒకటే, జేక్వెరీ పేజీలో రియాక్ట్ లేదు, రియాక్ట్ పేజీలో జేక్వెరీ లేదు, అలా అయితే సరే అన్నాడు. ఒక్క చోట మాత్రం తప్పట్లేదు, పాత జేక్వెరీ యూఐ డైలాగ్‌లో కొత్త రియాక్ట్ సెర్చ్ బాక్స్ ఉండాలి. దాని లిస్టుని పోర్టల్‌తో (గీసినదాన్ని పేజీలో వేరే చోట పెట్టే రియాక్ట్ పద్ధతి) పేజీ బాడీ మీద తెరిస్తే ఇన్‌పుట్‌లో టైప్ అవ్వట్లేదు, క్లిక్ చేస్తే కర్సర్ ఎగిరిపోతోంది.

సెమికోలన్:
మొదలైంది 😀

అరసున్న:
మోడల్ డైలాగ్ (మూసేదాకా వెనక పేజీని ముట్టనివ్వనిది) తన బయటికి పోయిన ఫోకస్‌ని వెనక్కి లాక్కుంటుంది, మీ పోర్టల్ దాని లెక్కలో బయటిదే. పోర్టల్ బాడీ మీద కాకుండా ఆ డైలాగ్ డివ్ లోపలికే తెరవండి. ఏది పైన ఏది కింద అనే జెడ్‌ఇండెక్స్ గొడవ కూడా దాంతోనే పోతుంది.