వాన నీళ్ల ట్యాంకు అడుగున కుళ్లు వాసన పోవడం లేదు

మాది కోనసీమలో రాజోలు దగ్గర పల్లె. బోరు నీళ్లు ఉప్పగా ఉండటంతో మల్లె, కరివేపాకు మొక్కల ఆకుల అంచులు మాడిపోతున్నాయి. వేసవిలో కాలువలు కట్టేస్తే మొక్కలకు ఆధారమే ఉండదు. అందుకే డాబా మీద పడే వానను నాలుగంగుళాల పీవీసీ గొట్టం ద్వారా 1,000 లీటర్ల నల్ల ప్లాస్టిక్ ట్యాంకులోకి పడుతున్నాం. డాబా సుమారు 60 చదరపు మీటర్లు. ఒక సెంటీమీటరు వాన పడితే చాలు, సగం ట్యాంకు నిండుతుంది. నీటికి కొదవ లేదు.

ఇబ్బందంతా వాసనతోనే. ట్యాంకు నిండిన పది పన్నెండు రోజులకు మొదలవుతుంది. మూత తీసి చూస్తే పైనీరు తేటగానే ఉంటుంది, దోమపిల్లలు కూడా లేవు. అడుగు కుళాయి తిప్పితే మాత్రం మొదటి రెండు బిందెలూ నల్లగా, కుళ్లిన గుడ్డు కంపుతో వస్తాయి. వేళ్ల మధ్య రుద్దితే మెత్తటి జిగట, అందులో చివికిన ఆకు ఈనెలు. డాబా మీదికి మామిడి కొమ్మలు వాలి ఉన్నాయి. కాపు కాసే చెట్టును కొట్టడం మాకు ఇష్టం లేదు.

గొట్టం మూతికి సన్నని వల కట్టాం. తొలి వాన 20 లీటర్లు బయటికి పోయేలా పక్కగొట్టం పెట్టాం. ట్యాంకు కడిగి ఎండబెట్టినా మళ్లీ అదే కథ. పటిక వేస్తే నీరు తేరింది గానీ, అడుగున బురద ఇంకా పేరుకుంది. బ్లీచింగ్ పొడి మొక్కలకు చేటు చేస్తుందేమోనని వేయలేదు.

ఇలాంటి ట్యాంకు వాడుతున్నవారు చెప్పండి: కుళాయిని అడుగు నుంచి జానెడు పైకి మారిస్తే సరిపోతుందా, లేక తొలి వాన నీటిని ఇంకా ఎక్కువ వదిలేయాలా?