మెడ తిరిగిపోతే ఫిట్స్ అనుకున్నాను: సార్లు, సిస్టర్లు కాస్త చెప్పండి

ప్రశ్న (క్యాజువాలిటీ డ్యూటీ డాక్టర్):
మొన్న రాత్రి రెండున్నరకి 19 ఏళ్ల అమ్మాయిని ఎత్తుకొచ్చారు. మెడ ఎడమవైపు తిరిగి బిగుసుకుపోయింది. కళ్లు పైకి పోయి కిందికి దిగడం లేదు. నాయనమ్మ గాలి సోకిందని ఏడుస్తోంది. నేను ఫిట్స్ అనుకుని, ఫిట్స్ ఆపే మిడాజోలం సూది లోడ్ చేయమన్నాను. ఇంతలో ఆ పిల్ల, దవడ సరిగా తెరుచుకోకపోయినా, "అమ్మా, మెడ లాగేస్తోంది" అంది. స్పృహ పూర్తిగా ఉంది! ఆరా తీస్తే సాయంత్రం వాంతులకి మెటోక్లోప్రమైడ్ సూది వేయించారట. ఈ బిగుతు విడిపించే ఫెనర్గాన్ 25 మి.గ్రా. ఇస్తే పావుగంటలో కళ్లు దిగాయి. ఉదయం ఇంటికి పంపాను. నిన్న సాయంత్రం మళ్లీ మెడ తిరిగిందని ఫోన్. నేనెక్కడ తప్పాను?

జవాబు (ఎమర్జెన్సీ సీనియర్):
తమ్ముడూ, జబ్బు బాగానే పట్టుకున్నావు. ఇంటికి పాసిటేన్ (ఈ బిగుతు మళ్లీ రాకుండా వాడే బిళ్ల) రాయలేదు, అక్కడే పోయింది. ఫెనర్గాన్ ప్రభావం దిగిపోయాక డిస్టోనియా (ఆ వాంతుల సూది వల్ల కండరాలు బిగుసుకుని మెలితిరగడం) తిరిగి రావచ్చు. పాసిటేన్ 2 మి.గ్రా. పూటకొకటి, రోజుకి రెండు, మూడు రోజులు వాడించు. ఇంకోసారి ఇలాంటి కేసొస్తే మెడ కంటే ముందు గొంతు విను. ఊపిరి పీల్చేటప్పుడు కీచుమని శబ్దం వస్తే స్వరపేటిక కూడా పట్టేస్తోందన్నమాట. ఆక్సిజన్ పెట్టి, మందు వెంటనే నరానికి ఇవ్వాలి.

జవాబు (స్టాఫ్ నర్స్):
డాక్టర్ గారూ, "ఏమైనా మందులు వాడారా?" అంటే మావాళ్లు లేదనే అంటారు. సూది వాళ్ల లెక్కలో మందు కాదు. నేను "మూడు రోజుల్లో వాంతులకి, కళ్లు తిరగడానికి, నిద్రకి ఏమైనా వేయించారా?" అని అడుగుతాను. మానసిక వైద్యం మందులైతే బంధువుల ముందు చెప్పరు, పక్కకి తీసుకెళ్లి అడగాలి.

జవాబు (న్యూరాలజీ పీజీ):
మందు ఊసే లేకపోతే ధనుర్వాతం, కాల్షియం తగ్గడం గుర్తుపెట్టుకోండి. పెద్దవయసు వాళ్లకి ఉన్నట్టుండి ఒకవైపు చెయ్యి, కాలు విసిరేస్తుంటే ముందు షుగర్ చూడండి, స్ట్రోక్ కూడా అనుమానించండి. హాలోపెరిడాల్ (మానసిక జబ్బులకి ఇచ్చే మందు) వాడేవాళ్లకి జ్వరంతో ఒళ్లంతా కొయ్యబారితే అది వేరే కథ, ఐసీయూకి పంపాల్సిందే.

ప్రశ్న అడిగినవారు:
సార్, ఇప్పుడే వాళ్ల నాన్నకి ఫోన్ చేశాను. వాంతులు తగ్గలేదని నిన్న మధ్యాహ్నం అదే మందు బిళ్ల వేశారట. చీటీలో ఆ పేరు వద్దని నేను రాయలేదు. బిళ్లలు ఆపించి, వెంటనే తీసుకురమ్మన్నాను. దారిలో ఉన్నారు.