అప్‌డేట్: పెద్దమ్మ ఖాతాలో డబ్బు ఎలా పోతోందో తేలింది

82 ఏళ్ల మా పెద్దమ్మ ఖాతాలో డబ్బు తగ్గిపోతోందని, ఇంట్లో పనిచేసే అమ్మాయి మీద అనుమానంగా ఉందని 3 నెలల క్రితం అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

"ముందు ఏడాది స్టేట్‌మెంట్ తీసి చూడండి" అన్న మాటే పనికొచ్చింది. డబ్బు తీసినవన్నీ ఆ అమ్మాయి సెలవు పెట్టిన రోజుల్లోనే! పెద్దమ్మను వెంటబెట్టుకుని బ్యాంకుకు వెళ్తే, మెసేజ్‌లు వెళ్లే ఫోన్ నంబర్ ఎప్పుడో మారిందన్నారు. అది మా దగ్గరి బంధువుది. ఏటీఎం పిన్ చూస్తే పాస్‌బుక్ అట్ట లోపల పెన్సిల్‌తో రాసి ఉంది. పెద్దమ్మ అతనికి పవర్ ఆఫ్ అటార్నీ (తన తరఫున పనులు చేసే అధికారమిచ్చే కాగితం) కూడా ఇచ్చిందట, మాకెవరికీ తెలియదు.

ఆమెకు అన్నీ తెలుస్తున్నాయి కాబట్టి తానే దాన్ని రద్దు చేసుకోవచ్చని, రద్దు చేసినట్టు రాసిన కాగితం బ్యాంకుకూ అతనికీ అందాలని లాయర్ చెప్పారు. అలాగే చేశాం. నంబర్, పిన్ మార్చేశాం. నా పేరు కలిపి జాయింట్ ఖాతా చేయడం మాత్రం వద్దన్నారు, రేపు ఆ డబ్బు ఎవరిదన్న గొడవ వస్తుందని.

పోయినదాంట్లో సగం తిరిగొచ్చింది. ఆ అమ్మాయికి సారీ చెప్పాను. పెద్దమ్మ మాత్రం ఇంకా "వాడు చిన్నప్పుడు ఇలా ఉండేవాడు కాదురా" అంటోంది.