జన్యు సమాచారం దేశం దాటకుండా ప్రత్యేక చట్టం కావాలా?

పెన్నాతీరం: 2019 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ బిల్లు జన్యు వివరాలను సున్నితమైన సమాచారంగా విడిగా లెక్కించింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో ఆ విభజనే లేదు. ఫోను నంబరునూ డీఎన్ఏనూ ఒకే గాటన కట్టేశారు. 16వ సెక్షన్ ప్రకారం, కేంద్రం వద్దన్న దేశాలకు తప్ప ఆ సమాచారాన్ని ఎక్కడికైనా పంపవచ్చు. చైనా 2019లోనే జన్యు వనరులపై కట్టడి నిబంధనలు తెచ్చింది. మనమే తలుపులు బార్లా తెరిచి కూర్చున్నాం.

లెక్కలమాస్టారు: 'వద్దన్న దేశాలకు తప్ప' అని మీరే రాశారు. అంటే ఆపే అధికారం ఉన్నట్టే కదా?

సుధ_గుంటూరు: మేము వైశ్యులం. మా తమ్ముడికి ఆపరేషనులో మత్తుతో పాటు కండరాలు సడలించే మందు ఇచ్చాక గంటల తరబడి సొంతంగా ఊపిరి అందలేదు. ఆ మందును విరిచే ఎంజైమ్ మావాళ్లలో కొందరికి తక్కువట. హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధన సంస్థ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు కలిసి 2017లో ప్రచురించిన పత్రంలో ఈ సంగతి చదివాను. తలుపు వేసుకుంటే ఇలాంటివి ఎలా బయటపడతాయి?

పెన్నాతీరం: పరిశోధన వద్దని నేనన్నానా? జీనోమ్ ఇండియా అనే ప్రభుత్వ ప్రాజెక్టు 10,000 మంది జన్యుక్రమాలు తీసి ఫరీదాబాదులో భద్రపరిచింది. అడిగినవారి అర్హత చూసి ఇస్తారు. అదీ పద్ధతి. అమెరికాలో ఉమ్మితో డీఎన్ఏ పరీక్షలు చేసే ట్వంటీత్రీ అండ్ మీ కంపెనీ ఏమైంది? 2023లో దాదాపు 69 లక్షల మంది వివరాలు దొంగలపాలయ్యాయి, 2025 మార్చిలో దివాలా పిటిషన్ వేసింది.

లెక్కలమాస్టారు: దొంగతనానికీ 16వ సెక్షన్‌కూ సంబంధం?

పెన్నాతీరం: మా అక్క డల్లాస్‌లో ఉంటుంది. అలాంటి ఒక కంపెనీకి ఉమ్మి పంపింది. తీసేయించమంటే నవ్వింది. ఆ డీఎన్ఏలో దాదాపు సగం నాది కూడా. నన్ను ఎవరు అడిగారు?

సుధ_గుంటూరు: అదీ సంగతి! మీ గొడవ మీ అక్కతో. దానికి దేశభక్తి ముసుగు ఎందుకు?

పెన్నాతీరం: వ్యక్తిగతంగా మాట్లాడకండి. ఒక్కరు సంతకం పెడితే ఇంటిల్లిపాది గుట్టు బయటపడుతుంది. మిగతావాళ్ల మాటకు విలువ లేదా?

సుధ_గుంటూరు: మా తమ్ముడు తన రక్తం ఇవ్వడానికి ఎవరిని అడగాలి? నన్నా, మా పెదనాన్న పిల్లలనా, గుంటూరులోని వైశ్యులందరినా? ప్రాణం మీదికి వచ్చింది వాడికి.

పెన్నాతీరం: కనీసం మిమ్మల్ని.

సుధ_గుంటూరు: నేను వద్దంటే?

కొత్తసభ్యుడు: మధ్యలో వచ్చినందుకు క్షమించండి. సుధ గారూ, ఆ మందు పేరేమిటి? మేమూ వైశ్యులమే. నాన్నగారికి సోమవారం ఆపరేషన్.

సుధ_గుంటూరు: సక్సినైల్‌కోలిన్. కాగితం మీద రాసుకుని వెళ్లి మత్తు డాక్టరుకు ముందే చెప్పండి.