అప్‌డేట్: రీఫ్ ట్యాంక్‌కి (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం) ఏ సాల్ట్ మిక్స్ (నీళ్లలో కలిపే సముద్రపు ఉప్పు మిశ్రమం) అని అడిగాను కదా, సంగతి తేలింది

సాల్ట్ మార్చాక ఆక్రోపొరా పగడాల కొసలు సున్నం రాసినట్టు తెల్లబడుతున్నాయి, ఏ సాల్ట్ వాడాలి అని అడిగాను, సాయం చేసిన అందరికీ చాలా థాంక్స్. కొత్తగా కలిపిన నీళ్లు కూడా టెస్ట్ చెయ్యమన్నారు చూడండి, అదే పట్టిచ్చింది. ట్యాంక్‌లో ఆల్కలినిటీ (నీళ్లలోని కార్బొనేట్ల మోతాదు, డీకేహెచ్‌లో కొలుస్తారు) 7.5 డీకేహెచ్, బకెట్‌లో 35 పీపీటీ (వెయ్యికి 35 పాళ్లు) ఉప్పదనానికి కలిపితే 11.8 వచ్చింది, నేనేమో ఒకేసారి 30 శాతం నీళ్లు మార్చేవాణ్ణి, అసలే పోషకాలైన నైట్రేట్, ఫాస్ఫేట్ దాదాపు సున్నా, ఆల్కలినిటీ అలా ఒక్కసారిగా పెరిగేసరికి పాపం పగడాలు తట్టుకోలేకపోయాయి. కలిపితే ఆల్కలినిటీ 8 దగ్గర వచ్చే సాల్ట్‌కి మారి 6 వారాలైంది, కొత్తగా తెల్లబడటం ఆగిపోయింది, కొసల మీద సన్నటి ఊదారంగు పాలిప్స్ (పగడంలోని చిన్న చిన్న జీవులు) మళ్లీ వస్తున్నాయి, పొద్దున లేవగానే ముందు వాటి దగ్గరికే పోతున్నా. లైట్ తగ్గిస్తే తేడా ఏం రాలేదు. రిఫ్రాక్టోమీటర్ (ఉప్పదనం కొలిచే పరికరం) కూడా 35 పీపీటీ ద్రావణంతో చెక్ చేశాను, కరెక్ట్‌గానే ఉంది.