అసలు హార్వీ తెర మీదికి రావాలా?

పాతకాగితం:
నిన్న రాత్రి ‘అమెరికన్ స్ప్లెండర్’ (2003) సినిమా మూడోసారి చూశాను. మూడోసారి కూడా అదే చోట చిరాకేసింది. చూడనివారి కోసం రెండు ముక్కలు: హార్వీ పీకర్ నిజం మనిషే, అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో మాజీ సైనికుల ఆసుపత్రిలో ఫైళ్ల గుమాస్తాగా పనిచేసేవాడు. 1976 నుంచి తన రోజువారీ బతుకునే కామిక్‌గా అచ్చు వేసుకుంటూ వచ్చాడు. బొమ్మలు వేయడం రాదు. గీతల మనుషులను గీసి, పక్కన మాటలు రాసిస్తే రాబర్ట్ క్రంబ్ లాంటివాళ్లు బొమ్మలు వేశారు. సినిమాలో హార్వీ పాత్ర నటుడు పాల్ జియామాటిది. భుజాలు వంచుకుని, నుదురు చిట్లించుకుని, ఎవరో నెత్తిన బరువు పెట్టి వెళ్లిపోయినట్టు నడుస్తాడు. సరిగ్గా అతన్ని నమ్మే వేళకి అసలు హార్వీ తెల్లటి గదిలో ప్రత్యక్షమై మాట్లాడడం మొదలుపెడతాడు. అంటే ఇంతసేపూ మనం చూసింది వేషం అని దర్శకులే చాటింపు వేసినట్టు కదా. నటుడి కష్టం బూడిదలో పోసిన పన్నీరేనా?

రెండోవరుస:
ఆ తెల్లగదిలో ఒక దృశ్యం ఉంది, గుర్తు చేసుకోండి. అసలు హార్వీ, అతని సహోద్యోగి అసలు టోబీ జెల్లీ బీన్స్ అనే మిఠాయిల రుచుల గురించి మహా గంభీరంగా మాట్లాడుకుంటారు. ఆ పాత్రలు వేసిన నటులిద్దరూ వెనక కుర్చీల్లో కూర్చుని వింటూ నవ్వుతుంటారు. అంతకుముందు టోబీని చూసి ‘నటుడు కాస్త అతి చేశాడు’ అనుకున్నాను. అసలు మనిషి నోరు విప్పాక నటుడే తగ్గించి చేశాడని తెలిసింది! జియామాటి కష్టం విలువ కూడా నాకు అక్కడే తెలిసింది.

ఇంకో మాట. కామిక్‌లో హార్వీకి ఒకే ముఖం ఎన్నడూ లేదు. క్రంబ్ చేతిలో ఒళ్లంతా వెంట్రుకలతో కంపు కొట్టే మనిషి, మరొకరి చేతిలో కాస్త అందగాడు. ఉత్తరాలతో మొదలైన పరిచయం మీద జాయిస్ (తర్వాత అతని భార్య) అతన్ని తొలిసారి కలవడానికి వచ్చినప్పుడు, ఏ హార్వీ ఎదురవుతాడోనని ఆమెకు బెంగ. ఒక్కో చిత్రకారుడి హార్వీ కళ్ల ముందు మెదులుతాడు. అలాంటి పుస్తకాన్ని ఒక్క ముఖంతో తీస్తేనే అన్యాయం అయ్యేది.

గడ్డిపోచ:
మీరిద్దరూ ముఖాల దగ్గరే ఆగిపోయారు. నా పేచీ కథతో. సూపర్‌మార్కెట్‌లో హార్వీ ఒక ముసలావిడ వెనక వరుసలో ఇరుక్కుంటాడు. ఆవిడ బేరం తెగదు, ఇతని విసుగు ఆగదు. కామిక్‌కి అది చాలు, విసుగే కథ. సినిమాకి చాలలేదు. కార్టూన్ హార్వీ పక్కన పుట్టుకొచ్చి ఇతన్ని ఎగదోస్తాడు, ఇతను ఇంటికి పరుగెత్తి రాత్రంతా గీతలు గీస్తాడు. వరుసలో నిలబడడం కాస్తా కళాకారుడి జన్మదినమైపోయింది! మామూలు బతుకును మామూలుగా ఉంచే ధైర్యం ఆ క్షణంలో జారిపోయింది. ఆ తర్వాత పెళ్లి, క్యాన్సర్, పెంచుకున్న పాప... అన్నీ నిజంగా జరిగినవే, కాదనను. కానీ ఏమీ జరగని రోజులు ఏవి? పీకర్ గొప్పదనమంతా వాటిలోనే కదా.

రెండోవరుస:
జన్మదినం మాట ఒప్పుకుంటాను, ఆ దృశ్యం కాస్త ఎక్కువైంది. కానీ గంటన్నర పైచిలుకు సినిమాలో ఏమీ జరగని రోజులు ఎన్ని పెడతారు? కామిక్‌లో విసుగు నాలుగు పేజీల్లో ముగుస్తుంది, విసుగెత్తితే పేజీ తిప్పేస్తాం. హాల్లో కూర్చున్నవాడికి ఆ వీలు లేదు.

గడ్డిపోచ:
పేజీ తిప్పేవాడికి పీకర్ ఎందుకండీ?

పాతకాగితం:
నేను మొదలుపెట్టిన గొడవ ఎటో పోయింది, సరే. ముఖాల సంగతి రాత్రి మళ్లీ ఆలోచించాను. టీవీలో డేవిడ్ లెటర్‌మన్ ముచ్చట్ల షోకి హార్వీ అతిథిగా వెళ్లే ఘట్టంలో తెర వెనక నుంచి బయలుదేరేది జియామాటి, టీవీలో కనిపించేది అసలు హార్వీ పాత రికార్డింగు. అక్కడ నాకు చిరాకు రాలేదు. చివర్లో పదవీ విరమణ పార్టీ కూడా అసలుదే. ఆ ఆసుపత్రి సహోద్యోగులు, ఆ కేకు, ఇంట్లోవాళ్లను దగ్గరికి తీసుకునే ముసలి హార్వీ. నటుడితో తీసి ఉంటే నేను నమ్మేవాణ్ణి కాదు. కాబట్టి నా ఫిర్యాదు తెల్లగదికి కుదించుకుంటున్నాను.

రెండోవరుస:
అయితే జెల్లీ బీన్స్ తీసేద్దామా?

పాతకాగితం:
అది ఉండనివ్వండి.